చీమలపుట్ట మీద భువనేశ్వరి

కొల్లిపర నుంచి బాపట్ల దగ్గరి ఇసుకనేలకు కోడలిగా వచ్చిన నాటినుంచీ భువనేశ్వరికి ఒకరి చేత మాట పడని మనిషని పేరు. భర్త పోయాక సముద్రం పక్కనున్న సరుగుడుతోట ఆమె వాటాకు వచ్చింది. పక్క పొలంచెక్క మరిది దుర్గాప్రసాద్‌ది. అందులో సరుగుడు నారు పోసి రేపల్లె దాకా అమ్ముతాడు. మంచివాడే, కాకపోతే పట్టిన పట్టు విడవడు.

పేచీ చీమల దగ్గర వచ్చింది. ఆమె తోట నిండా ఎర్రచీమల పుట్టలు. సరుగుడు విత్తనమంటే వాటికి ప్రాణం. ఈ ఏడు దుర్గాప్రసాద్ మడిలో పొద్దున చల్లిన విత్తనం సాయంత్రానికి బారులు తీరి, గట్టు దాటి, వదినగారి పుట్టల్లోకి పోయింది. మళ్ళీ చల్లితే మళ్ళీ అంతే. పాపం, అతని కడుపుమంటలోనూ న్యాయం ఉంది.

కానీ తుఫానుకు తోట పడిపోయిన ఏడు భువనేశ్వరి కళ్ళారా చూసింది. కొత్తగా నాటిన మొక్కల వేళ్ళు చెద కొరికేస్తే, పుట్టల చుట్టుపక్కలవే బతికి బట్టకట్టాయి. చెదపురుగుల్ని చీమలు బతికుండగానే ఈడ్చుకుపోయాయి. అక్కడ నేల గుల్లబారి వాననీళ్ళు ఇట్టే ఇంకేవి. రాలిన ఆకు, చచ్చిన పురుగు, అన్నీ ఆ పుట్టల్లోనే ఎరువయ్యేవి. ఆ చీమలు లేకపోతే తనకు తోటే లేదు. అందుకే మరిది విత్తనం చల్లే రోజుల్లో ఆమె ప్రతి పుట్ట చుట్టూ బియ్యప్పిండితో ముగ్గు వేసేది. పిండి దొరికిన చీమ గట్టు దాటేది కాదు. ఈసారి జ్వరమొచ్చి, ఆ పని తోడికోడలు, దుర్గాప్రసాద్ భార్య కుసుమకుమారికి అప్పజెప్పింది.

వదిన మంచాన ఉంది కదా అని దుర్గాప్రసాద్ తెనాలి నుంచి ట్రాక్టరు పిలిపించాడు. పుట్టలు చదును చేసి మందు చల్లాలని అతని ఎత్తు. ఆ చప్పుడు చెవిన పడగానే భువనేశ్వరి దుప్పటి విసిరికొట్టి లేచింది. ఒళ్ళు తూలుతున్నా తోటలోకి నడిచి, గట్టు పక్కనున్న అన్నిటికంటే పెద్ద పుట్ట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

డ్రైవరు బర్నబాస్ ఇంజను ఆపేశాడు. "అమ్మా, లేవండి. అవి ఎర్రచీమలండి."

"తెలుసు నాయనా. నువ్వు బండి తిప్పుకో."

"వదినా, నా విత్తనమంతా పోయింది," అన్నాడు దుర్గాప్రసాద్. "నేనేం చెయ్యాలి?"

"మొన్నటేడు నీ చెక్కలో మందు కొట్టావు. చీమలు పోయి చెద రాలేదా? అదే నా తోటకీ తెస్తావేంటి? ముగ్గేసినన్నాళ్ళూ నీ విత్తనం పోయిందా ఎప్పుడన్నా?"

"ఈసారీ వేశాం కదా."

అప్పుడే కుసుమకుమారి పరుగున వచ్చింది. "అవునక్కా, నేనే వేశా. బియ్యప్పిండి సరిగ్గా కనపడట్లేదని కొట్లో ముగ్గుపిండి తెచ్చి వేశా. తెల్లగా ఎంత బాగొచ్చిందో."

దుర్గాప్రసాద్ పెళ్ళాం వంక చూశాడు. రాతిపొడి తినలేక చీమలు తన మడి మీద పడ్డాయన్న సంగతి నిదానంగా బుర్రకెక్కింది. నవ్వాలో ఏడవాలో తెలియక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

భువనేశ్వరి పాదాలు అప్పటికే ఎర్రగా దద్దుర్లు తేలాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆమె కదల్లేదు.

"సరే, తప్పు మాదే. ఇంక లే వదినా. కుట్టట్లేదా?"

"ఎందుక్కుట్టవు? వాటింటి మీద కూర్చున్నాగా," అంది భువనేశ్వరి. "ముందా ట్రాక్టరు గట్టు దాటించు. నా తోటలోకొస్తే నేనూ అంతే."