పక్క తెరిచిన నిక్కరు

బడిలో పిల్లలు అతన్ని బెల్లుమాస్టారు అంటారు. అతను మాస్టారే గాని చదువు చెప్పే మాస్టారు కాదు, బట్టల కొట్లో కటింగ్ మాస్టారు. మధ్యాహ్నం అతని సైకిలు గేటు దాటిందంటే అన్నాల బెల్లు మోగబోతోందని లెక్క.

"ఒరేయ్, బెల్లుమాస్టారొచ్చాడు! డబ్బాలు తీయండ్రా!"

అతను నవ్వుకుంటూ మూడో తరగతిలోకి వెళ్ళి, కొడుకు చక్రాల కుర్చీని వరండా చివరి గదికి తోసుకుపోయేవాడు. పిల్లవాడికి పుట్టుకతోనే వెన్నులో లోపం. నడుం కింద స్పర్శ లేదు. ఒంటేలు తనంతట తాను రాదు. పూటపూటకీ సన్నటి గొట్టం పెట్టి తీయాలి. పొద్దున, సాయంత్రం తల్లి తీస్తుంది. ఆమె బిస్కెట్లు ప్యాక్ చేసే ఫ్యాక్టరీకి ఒకసారి గేటు మూశారంటే మళ్ళీ సాయంత్రమే తీస్తారు. కాబట్టి మధ్యాహ్నం తండ్రి వంతు. వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న సుద్ద పోయేదాకా మోచేతుల వరకు సబ్బుతో కడుక్కునేవాడు. ఈ పని కోసమే కొడుకు నిక్కరుకి పక్కకుట్టు వేయకుండా పైనుంచి కిందదాకా టిచ్ బటన్లు పెట్టాడు. టక టక లాగితే తెరుచుకుంటుంది.

"మీ నిక్కర్లకి తలుపులున్నాయా? నాకున్నాయి" అని వాడు తరగతిలో గొప్పలు పోయేవాడు.

ఇంతలో అదే బడి యూనిఫారాల ఆర్డరు అతని కొట్టుకే వచ్చింది.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నా" అన్నాడు ఓనరు. "మీరు కత్తెర కింద పెడితే మిషన్లన్నీ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి. ఆర్డరు అయ్యేదాకా మధ్యాహ్నం కదలడానికి వీల్లేదు. కుదరదంటే చెప్పండి, ఇంకో మాస్టార్ని చూసుకుంటా."

అతను బడిలో పెద్దమేడం దగ్గరికి పరిగెత్తాడు. గుమ్మంలో నిలబడ్డ ఆయమ్మ అతనికంటే ముందే నోరు విప్పింది.

"నేర్పిస్తే నేను చేస్తానమ్మా. మంచంలో ఉన్న మా అత్తకి అన్నీ నేనే చేశాను."

"నువ్వాగు. రేపు ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది నువ్వా, నేనా?" అని పెద్దమేడం అతని వైపు తిరిగింది. "మాది బడండీ, ఆసుపత్రి కాదు. నర్సు కావాలని పైకి రాశాను. రాస్తూనే ఉన్నాను. నాకు మాత్రం మనసు లేదంటారా?"

మనసు ఉంది. కుర్చీ వేయించింది, మంచినీళ్ళు ఇప్పించింది. 'ప్రతి బిడ్డా మా బిడ్డే' అని బడి గోడ మీద రంగుల్లో రాయించింది కూడా ఆవిడే. ఆ గోడకి ఆనించిన సైకిలు తీసుకుని అతను ఇంటికి వెళ్ళాడు.

సాయంత్రం భార్యకి చెప్పుకున్నాడు. పిల్లవాడు పక్కనే బొమ్మలు గీస్తున్నాడు.

మర్నాడు బడికి వెళ్తూ వాడే అన్నాడు, "నాన్నా, మధ్యాహ్నం నువ్వు రావద్దులే. సాయంత్రం దాకా నాకేం నిండదు."

"నీకెలా తెలుస్తుందిరా?"

"తెలుస్తుంది."

తెలియదు. ఆ సంగతి తండ్రికీ తెలుసు. కానీ మునిగిపోతున్నవాడి చేతికి ఏదో ఒకటి దొరికింది, పట్టుకున్నాడు.

సాయంత్రాలు "తక్కువే వచ్చింది, రంగు కూడా ముదిరింది" అనేది భార్య. "నీళ్ళు తాగుతున్నావురా?" అని తండ్రి గద్దిస్తే వాడు సీసా తలకిందులు చేసి చూపించేవాడు. చుక్క లేదు. టేపు ఎంత చెబితే అంతే నమ్మే మనిషి అతను. ఖాళీ సీసాని కూడా అలాగే నమ్మాడు.

ఆ వారం ముగియకముందే తరగతిలో పిల్లవాడికి వణుకుడు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు కోప్పడ్డాడు. "నిలవున్న ఒంటేల్లో చీము పట్టి కిడ్నీలదాకా పాకింది. వీడికి నీళ్ళు పట్టడం లేదా మీరు?"

వాడిని ఎత్తుకొచ్చిన ఆయమ్మ ముఖం కొంగులో దాచుకుంది. "రోజూ సీసాడు నీళ్ళూ కిటికీ అవతల మొక్కకి పోసేవాడయ్యా. మొక్కలంటే ప్రాణం కాబోలనుకున్నాం. టీచరమ్మ చప్పట్లు కూడా కొట్టించింది."

తండ్రి మంచం మీదికి వంగాడు. "ఎందుకురా అలా చేశావు?"

"నీ పని పోతుందన్నావుగా" అన్నాడు వాడు.

జ్వరం తగ్గాక బడికి తీసుకెళితే పెద్దమేడం వాడి తల నిమిరింది. "ఎంత చిక్కిపోయాడు! ఇక గొట్టం అవసరం లేదని డాక్టరు చేత రాయించుకు రండి, కూర్చోబెట్టుకుంటాం."

"అది జీవితాంతం ఉండేదేనమ్మా."

ఆవిడ బల్ల మీది గ్లాసుకి మూత పెట్టింది.

ఇప్పుడు వాడి కుర్చీ కొట్లో, కటింగ్ బల్ల పక్కన. ఓనరు కాదనలేదు. మధ్యాహ్నం వెనక తెర చాటున పని అయిపోతుంది, కత్తెర ఎక్కువసేపు ఆగదు. బడికి భయం తీరింది, కొట్టుకి ఆర్డరు తెములుతోంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. వాడు గ్లాసు మీద గ్లాసు తాగి, "చూడు నాన్నా, మొత్తం తాగేశా" అంటాడు.

యూనిఫారాల చివరి కట్ట మిషన్ల మీదికి వెళ్ళాక కుట్టే అతను పిలిచాడు. "మాస్టారూ, ఈ నిక్కరుకి పక్కన ఇంత బట్ట వదిలారేంటి? నిద్రలో కోశారా ఏంటి?"

చెయ్యి అలవాటున కోసేసింది. తండ్రికీ అప్పుడే తెలిసింది.

"అది నాదే! తలుపులు పెట్టడానికేగా నాన్నా?" అన్నాడు పిల్లవాడు, కుర్చీలో ముందుకు వంగి.

ఓనరు తలెత్తి చూశాడు. తండ్రి నిక్కరు ముక్కని వెనక్కి తీసుకున్నాడు. గీతలు గీయకుండానే, వదిలిన బట్టంతా కత్తిరించి, మిగతావాటితో సమానం చేసి ఇచ్చేశాడు. కత్తిరించిన పేలిక జారి పిల్లవాడి ఒళ్ళో పడింది.

"పొరపాటేలే" అన్నాడు కుట్టే అతనితో. తర్వాత కొడుకు వైపు చూడకుండా, "నీళ్ళు తాగు" అన్నాడు.