సబ్బు గడ్డం ముందు చదివిన ప్రోగ్రాములు

శుక్రవారం మధ్యాహ్నం కోరుట్ల ఖబరస్తాన్‌లో ఉన్నవారు: ఖలీల్ సార్ తమ్ముళ్లు ఇద్దరు, జగిత్యాల, సిరిసిల్లల నుంచి మోటార్ సైకిళ్ల మీద చేరిన శిష్యులం, సార్ కంప్యూటర్ సెంటర్ పక్కన కటింగ్ షాపు నడిపే శంకరన్న, రాస్తారోకో ఆపి జెండాలు చుట్టిపెట్టి సార్ జనాజా వెంట నడిచిన తెలంగాణ ఉద్యమకారులు, వాళ్లకు కాపలాగా వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు. గేటు బయట సార్ పాత స్కూటరు. లేనివి బస్సులు. ఆ రోజు బంద్.

గుండెపోటుతో సార్ పోయారని గురువారం సాయంత్రం జగిత్యాలలో నాకు ఫోన్ వచ్చినప్పుడు నమ్మలేదు. అంతకు గంట ముందే నా ప్రోగ్రాంలో ఒక తప్పు చూపిస్తూ మెయిల్ పంపారు. చూశాను, తప్పు ఉంది. అంత సరిగ్గా చూసిన మనిషి గంటలో ఎలా పోతాడని ఫోన్ చేసినవాడితోనే వాదించాను.

తెలియనివారి కోసం చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవారికి పనికొచ్చే చిన్న చిన్న ప్రోగ్రాములను సార్ ఒకచోట చేర్చి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఓపెన్ సోర్స్ పద్ధతి: ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, వాడుకోవచ్చు, తాము రాసింది పంపవచ్చు. చేర్చుకోవడానికి షరతు మాత్రం ఒకటి ఉండేది. పంపిన ప్రోగ్రాంను, దాని వివరణతో సహా, శంకరన్న షాపులో గడ్డానికి సబ్బు పూయించుకుని కూర్చున్న మనిషికి చదివి వినిపించాలి. అర్థం కానిచోట ఆయన చెయ్యి ఎత్తుతాడు. అక్కడ వివరణ మార్చాలి. ఆడపిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చదివేవారు. దూరం నుంచి పంపినవాళ్ల తరఫున మాలో ఒకరు చదివేవాళ్లం.

"సబ్బు పెట్టుకున్నాయనకే చదువుడెందుకు సార్?" అని అడిగాను ఒకసారి.

"సబ్బు పెట్టినంక మనిషి ఏడికి పోతడు బేటా? నోరు తెరిస్తే నురగ పోతది. మర్యాదకు ‘ఆహా’ గూడ అనరాదు."

ఎవరో నలభై వరుసల్లో రాసిన ప్రోగ్రాంను నేను నాలుగు వరుసల్లోకి కుదించి పట్టుకెళ్లాను. కుర్చీలోని పెద్దమనిషి మొదటి వరుసకు ఎత్తిన చెయ్యి దించలేదు. చివరికి శంకరన్న బ్రష్ పక్కన పెట్టాడు. "ఓ ఇంజనీరు సాబ్, రెండుసార్లు సబ్బు పెట్టిన. రెండుసార్లు ఎండిపాయె. నీ నాలుగు ముక్కలు ఇంకా ఒడుస్తలేవు."

సార్ పాత నలభై వరుసలను అలాగే ఉంచి నాది పక్కన పెట్టారు. "గా పాతది ఒక పిలగాడు మొదటిసారి రాసింది. దాన్ని తీసేస్తే వాన్ని తీసేసినట్టే."

సార్ స్వయంగా రాసినవాటిలో ప్రసిద్ధమైనది ‘బస్సు ఉందా?’. తేదీ ఇస్తే జవాబు చెబుతుంది. ఉద్యమంలో బస్సుల సమ్మె నడిచిన రోజుల్లో రాశారు కాబట్టి లోపల ఉన్న జవాబు ఒక్కటే: లేదు. "ఒక్కనాడు గూడ తప్పలే" అని మురిసిపోయేవారు. సమ్మె ముగిసి బస్సులు తిరిగిన మొదటి రోజునే సెంటర్‌లో పరీక్ష పెట్టారు. మాతో చదివే సిరిసిల్ల లావణ్య రాలేదు. సార్ ఫోన్ చేశారు.

"బస్సు లేదని మీ ప్రోగ్రామే చెప్పింది గద సార్!"

సార్ ఫోన్ పెట్టేసి, ప్రశ్నపత్రం జేబులో పెట్టుకుని, స్కూటరు మీద సిరిసిల్ల వెళ్లారు. లావణ్య ఇంట్లో మరమగ్గాల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కరెంటు పోయి మగ్గాలు ఆగాక పరీక్ష మొదలైంది. తిరిగి వచ్చేముందు, "నా తప్పు నువ్వు దొరకవట్టినవు బిడ్డా. నువ్వే సరిజెయ్యి" అన్నారు. ఆమె మూడు జవాబులు పెట్టింది: ఉంది, లేదు, తెల్వదు. అది ఆమె పంపిన మొదటి ప్రోగ్రాం. తనతో పాటు ప్రోగ్రాములను ఆమోదించే హక్కు సార్ ఆమెకే ఇచ్చారు. నా ముఖం చూసి, "నువ్వు ‘తెల్వదు’ అనే మాట ఇంకా నేర్వలే" అన్నారు.

మరో నియమం కూడా ఉండేది. "మొదటిసారి పంపినోనికి మరునాడు పొద్దుగూకకముందే జవాబు పోవాలె. లేటైతే ‘నాకు ఈ పని రాదు’ అనుకుంటడు. ఇగ జన్మల పంపడు."

అందుకే శుక్రవారం సార్ ఇంట్లో ఆడవాళ్ల దగ్గర కూర్చున్న లావణ్య, మేం ఖబరస్తాన్ నుంచి రాగానే బయటికి వచ్చింది. బీర్పూర్ నుంచి ఎవరో గురువారం తన మొదటి ప్రోగ్రాం పంపారు. పొద్దుగూకడానికి ఎంతో సమయం లేదు. శంకరన్న మమ్మల్ని తీసుకెళ్లి షాపు షట్టర్ సగం ఎత్తాడు. బంద్, పైగా చావు, గడ్డానికి ఎవరొస్తారు? నేను కుర్చీలో కూర్చోబోయాను.

"నీకు ముందే సమజైతది. నువ్వు పనికిరావు" అంది లావణ్య.

శంకరన్న తన కుర్చీలో తానే కూర్చున్నాడు. "పుయ్యి" అన్నాడు నాతో. నాకు చేతకాక చెవి దాకా పూశాను. లావణ్య గుమ్మం దగ్గర నిలబడి చదివింది: మూడు పరీక్షల మార్కులకు సగటు కట్టే ప్రోగ్రాం. శంకరన్న ఒక్కసారి చెయ్యి ఎత్తాడు, మూడుతో ఎందుకు భాగించాలో అర్థంకాక. లావణ్య ఒక వాక్యం చేర్చి మళ్లీ చదివింది. ఈసారి చెయ్యి లేవలేదు. నురగ మీద కన్నీళ్లు గీతలు గీశాయి. జవాబు వెళ్లేసరికి బయట ఇంకా వెలుగుంది.

తప్పులు సరిదిద్దేవారు మాకు ఇంకెవరైనా దొరకవచ్చు. తన తప్పు కోసం స్కూటరెక్కి సిరిసిల్ల దాకా వచ్చే గురువు మాత్రం మళ్లీ దొరకరు. ఆయనకు నా సలాం.

సార్ పోయేనాటికి ఆ సంకలనంలో ఉన్న ప్రోగ్రాములు రెండు వందల పద్నాలుగు. శుక్రవారం సాయంత్రానికి రెండు వందల పదిహేను.