మేము గీసిన ఇప్పచెట్ల మ్యాపు

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మాకు బిజినెస్ ప్లాన్ ప్రాజెక్టు ఇచ్చారు. ఇద్దరిద్దరం కలిసి రాయాలి. క్లాసులో చాలామంది సీనియర్లు రాసిన టీకొట్టు ప్లానుకో, జిరాక్స్ సెంటర్ ప్లానుకో పేరు మార్చి పెట్టేస్తున్నారు. నేనూ అదే చేద్దామన్నాను. నాతో కలిసిన అమ్మాయి ఒప్పుకోలేదు. ఆమెది పినపాక దాటాక అడవి లోపలి ఊరు.

"ఇప్పపువ్వు లడ్డూల మీద రాద్దాం. మా ఊర్లె ఆడోళ్లందరు పువ్వు ఏరుతరు. కాపీ కొట్టుడెందుకు?" అంది.

మా తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మాది మిర్చి వేసే ఇల్లు. అడవి పక్కనే పుట్టి పెరిగినా, ఇప్పపువ్వును నేను ఒక్కసారైనా చేత్తో పట్టుకోలేదు.

పువ్వు రాలే కాలంలో పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాం. వాళ్ల పెద్దమ్మ వాకిట్లో పువ్వు ఎండబోస్తోంది. వాకిలంతా మత్తుగా, తియ్యగా వాసన. నేను నోట్‌బుక్ తెరిచి చెట్లెక్కడున్నాయి, ఎవరెవరు ఏరుతారు అని అడగడం మొదలుపెట్టాను.

"ఎందుకు బిడ్డా?" అంది ఆమె.

"కాలేజీ ప్రాజెక్టు పెద్దమ్మా. మార్కుల కోసం."

"మార్కులకు చెట్లెక్కడున్నయో ఎందుకు?"

సరుకు ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించకపోతే సారు ఒప్పుకోరని చెప్పాను. ఆమె నా వైపు, నా నోట్‌బుక్ వైపు చూసి, నా స్నేహితురాలితో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. స్నేహితురాలు తలూపింది. ఆ తర్వాత పెద్దమ్మ గడగడా చెప్పేసింది.

"రాసుకో. తూర్పుకు వాగు దాటినంక గుట్ట కింద. అంత అక్కడనే."

అంతసేపు ఎందుకెందుకన్న మనిషి ఒక్కసారిగా అంత సులువుగా ఎలా చెప్పింది? మేము కూర్చుని ఉండగానే ఇద్దరు ఆడవాళ్లు గంపల నిండా పువ్వుతో వచ్చారు. వాళ్లు వచ్చింది వాగు వైపు నుంచి కాదు.

తిరుగు బస్సులో అడిగాను. "మీ పెద్దమ్మ నీతో ఏమంది?"

"ఏం లే. నువ్వు అన్నం తిని పోతవా అని అడిగింది."

అన్నం గురించి అంతసేపా? ఆ రోజు నుంచి నాకు ఆమె చేసే ప్రతి పనీ తేడాగానే కనిపించింది. నేను దగ్గరికి వెళ్తే పుస్తకం మూసేది. ఒకసారి ఒక్కతే సారు గదిలోంచి వస్తూ కనిపించింది. అసలు వివరాలు దాచుకుని వైవాలో తనొక్కతే చెప్పి మెప్పు కొట్టేస్తుందని తేల్చుకున్నాను. ఒకరోజు ఆమె క్లాసులో లేనప్పుడు సంచి తెరిచి పుస్తకం తీశాను. అందులో బెల్లం ఎంత వేస్తే లడ్డు విరిగిందో, నువ్వులు ఎంత కలిపితే నిలిచిందో రాసుకుంది. చెట్ల గురించి ఒక్క ముక్క లేదు. సిగ్గేసింది. అయినా అనుమానం పోలేదు. ఇంకెక్కడో రాసి ఉంటుందనుకున్నాను.

పెద్దమ్మ చెప్పిన చోటునే మ్యాపులో గీశాం. ఆ ప్లాను ఇంట్లో బల్ల మీద పెడితే నాన్న కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నేను ఏ సబ్జెక్టులు చదువుతున్నానో కూడా ఎప్పుడూ అడగని మనిషి.

"బాగా రాశావమ్మా. ఈ మ్యాపు నువ్వే గీశావా?"

పొంగిపోయాను. ఆయన దాన్ని ఫోనులో ఫొటో తీసుకుంటే మురిసిపోయి చూశాను.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం నాన్న చెమటతో తడిసి ఇంటికొచ్చాడు. ప్యాంటు నిండా పల్లేరుకాయలు. తువ్వాలు కుర్చీలో విసిరాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకు? వాగు దాటి గుట్టంతా తిరిగాం. టేకు, తునికి తప్ప ఒక్క ఇప్పచెట్టు లేదు."

"నువ్వెందుకెళ్లావు నాన్నా?"

"మన మిర్చి కొనే ఆయన్ని తీసుకెళ్లాను. తెల్లారకముందే ఆటోలో కూలీల్ని దింపితే రెండు పూటల్లో పువ్వంతా ఏరించొచ్చు కదా."

"అవి వాళ్ల చెట్లు."

"అడవిలో చెట్టు ఒకళ్లదేంటి? బిజినెస్ ప్లాన్ రాసేది వ్యాపారం చెయ్యడానికే కదమ్మా?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు.

మర్నాడు కాలేజీ మెట్ల మీద స్నేహితురాలికి అంతా చెప్పాను. చెప్పకుండా ఉండాలని రాత్రంతా అనుకుని కూడా చెప్పేశాను. ఆమెకు కోపం రాలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"మా పెద్దమ్మ గదే అన్నది," అంది. "ఇంతకుముందు గిట్లనే ఒకాయన పుస్తకం పట్టుకొని వచ్చిండు. మస్తు మంచిగ మాట్లాడిండు. మరుసటేడు మావోళ్లు పోయేసరికే బయటోళ్లు వచ్చి పువ్వంత ఏరుకపోయిన్రు. 'పిల్ల మంచిదే, పిల్ల వెనక ఇల్లుంటది గద' అన్నది."

"అయితే నువ్వు కూడా నన్ను అనుమానించావా?"

"అవ్. నువ్వు నా సంచి తియ్యలేదా?"

తల దించుకున్నాను. ఆమెకు ఆ రోజే తెలుసట. ఒక్కతే సారు దగ్గరికి ఎందుకెళ్లిందో కూడా అప్పుడే చెప్పింది. ఊరి మ్యాపు లేకుండా ప్రాజెక్టు ఇవ్వొచ్చా అని అడగడానికి. సారు కుదరదన్నారు.

వైవాకు బయటి కాలేజీ నుంచి ఒక సారు వచ్చారు. లడ్డు తిని బాగుందన్నారు. తర్వాత మ్యాపు మీద వేలు పెట్టారు.

"ఈ చోటు మీరు స్వయంగా చూశారా?"

స్నేహితురాలు నా వైపు చూసింది.

"చూశాం సార్. అన్నీ ఇప్పచెట్లే," అన్నాను నేను.

ఆయన ఆ పేజీని ఫొటో తీసుకున్నారు. రికార్డు కోసమన్నారు. రికార్డు కోసమే అయ్యుండొచ్చు.

ఇద్దరం పాసయ్యాం. ఆమె ఊరి ఆడవాళ్లతో కలిసి నిజంగానే లడ్డూలు మొదలుపెట్టింది. పర్ణశాలకు వచ్చే యాత్రికులు కొంటారట. నేను ఖమ్మంలో ఉద్యోగం చేస్తున్నాను. డబ్బా మీద ఏం రాయాలో అడగడానికి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పని పక్కన పెట్టి వెంటనే రాసి పంపుతాను. చాలాసేపు నవ్వుతూ మాట్లాడుకుంటాం. ఊరికి రమ్మని మాత్రం ఇంతవరకు పిలవలేదు. వస్తానని నేనూ అనలేదు.