కింది కోర్టును కడిగేసిన రోజు

ఆ రోజుల్లో కోర్టులో గట్టిగా అరిస్తేనే వాదించినట్టని నమ్మేవాణ్ణి. నల్లకోటు కొత్తది, గొంతు కొత్తది (బుర్ర అంతకన్నా కొత్తది, పెద్దగా వాడలేదు). మదనపల్లెలో మా సీనియరుకు ఉన్నట్టుండి జ్వరమొచ్చి, ఒక అప్పీలు ఆ ఉదయమే నా నెత్తిన పడింది. కక్షిదారు సదుం ఊరి పెద్దాయన. చేలోకి పోయే బండిదారి పక్కాయనదేనని పుంగనూరు కోర్టు తీర్పిచ్చింది. కంచె పడేలోగా స్టే రాకపోతే పండిన టమాటా చేలోనే కుళ్లిపోతుంది.

"గెట్టిగా సెప్పప్పా. ఆ పుంగనూరు జడ్జికి మా బండి దావ కండ్లకే ఆనలే," అన్నాడు పెద్దాయన.

చెప్పాను. "కింది కోర్టు సాక్ష్యం చదవనేలేదు. ఇది నిద్రలో రాసిన తీర్పు" అని కడిగేశాను. బెంచి క్లర్కు కళ్లెగరేస్తుంటే మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకో స్థాయి పెంచాను. జడ్జిగారు చివరిదాకా విని, చిన్నగా నవ్వి, "పోయిన వారమే ప్రమోషన్ మీద ఇక్కడికొచ్చాను. ఆ తీర్పు నాదే. నేను వినకూడదు, ఇంకో కోర్టుకు పంపిస్తాను" అన్నారు. (సీనియరు జ్వరం మర్మం అప్పుడు తెలిసింది.)

బయటికొచ్చి, "పెద్దాయనా, కొంప మునిగింది. తీర్పిచ్చింది ఆయనే!" అన్నాను.

"తెలుసప్పా, పుంగనూర్లో సూసినా గదా! అందుకే గెట్టిగా సెప్పమంటి. మా కడుపుమంట ఆయప్పకు ఇంకెట్ల తెలిసేది?"

అదృష్టం బాగుండి, కంచె పడేలోపే ఇంకో కోర్టులో స్టే వచ్చింది, టమాటా మార్కెట్టుకు చేరింది.

తర్వాత నేనూ జడ్జినై కుప్పంలో తీర్పులు రాశాను. మొన్న ప్రమోషన్ మీద అప్పీళ్లు వినే కుర్చీ ఎక్కానో లేదో, ఓ కుర్ర లాయరమ్మ లేచి, "కుప్పం జడ్జిగారు సాక్ష్యం చదివినట్టే లేదు" అంది. నేను అదిరిపోయాను. ఆ తీర్పు కోసం ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానని! క్లర్కు ఆమెకు కళ్లెగరేస్తున్నాడు. ఆనాటి జడ్జిగారిలా నవ్వబోయాను, రాలేదు. ఆయనకూ అంత సులువుగా వచ్చుండదని ఇన్నేళ్లకు తెలిసింది. ఆ పిల్ల గొంతులో నా పాత గొంతు వినబడి కొంచెం దిగులేసింది.

"కానివ్వమ్మా," అన్నాను, "గట్టిగానే చెప్పు."