డాక్టరుగారి కోటులో గుండుసూది

ఏడో తరగతి మీద ప్రేమకొద్దీ మూడేళ్లు అందులోనే ఉండిపోయి, చివరికి భవానీపురంలో టైలరుగా తేలినవాణ్ణి నేను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో మా ఆవిడ జరీనాకి రొమ్ములో గడ్డకి ఆపరేషనైంది.

ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, "వెన్ను పక్కన ఇంకో ఇంజెక్షన్ కూడా ఇస్తానండీ. తర్వాత నొప్పి నెలల తరబడి ఉండిపోకుండా చాలామందికి పనికొస్తుంది" అంది.

"నాతో పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషండీ, ఏ నొప్పయినా తట్టుకుంటుంది" అన్నాను.

పక్కనే ఉన్న, ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు పగలబడి నవ్వి, "అయితే వద్దులే" అనేశాడు.

చంకదాకా కోసిన గాయం మానింది గానీ మంట పోలేదు. ఏడాదైనా చంకలో జాకెట్టు గుడ్డ తగిలితే చాలు, జరీనా ఉలిక్కిపడేది. మళ్లీ వెళ్తే పెద్ద డాక్టరు, "అది నొప్పి కాదమ్మా, నీ భ్రమ. అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాట కడుపులో దాచుకున్నాను.

తర్వాత కూతురి పెళ్లికని ఆయన కోటు కుట్టించుకోవడానికి నా కొట్టుకే వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. ట్రయల్ రోజు చంక కుట్టులో కావాలనే ఒక గుండుసూది ఉంచాను. చెయ్యెత్తగానే "అబ్బా!" అని గెంతాడు.

"అది నొప్పి కాదండీ, మీ భ్రమ. అలవాటైపోతుంది" అన్నాను.

అప్పుడు గుర్తుపట్టాడు. మొహం పాలిపోయింది. నాకు పాపమనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఇంటికెళ్లి మీసం మెలేస్తూ చెప్పాను. జరీనా నవ్వలేదు.

"ఆయన కోటులో గుచ్చారు, బాగానే ఉంది. ఆ రోజు నా తరఫున జోకేసిన మనిషి చొక్కాలో ఎప్పుడు గుచ్చుతారు?" అంది.