నూట ఒక్క మొలకలు

మా గాజుగదిలో మొక్కలకు నీళ్లు పోసే ఆయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. పరాయి పుప్పొడి పడకుండా మొక్కజొన్న కంకులకు కాగితం సంచులు తొడగడం కూడా ఆయన పనే. ఆ మొరటు చేతులతో సంచీ తొడుగుతుంటే, పసిపిల్లకు చొక్కా వేస్తున్నట్టుండేది. సంచుల మీద తేదీలు నేను వారానికి రెండైనా తప్పు రాసేదాన్ని. ఆయన నాతో ఒక్క మాట అనకుండా దిద్దేసేవాడు.

నా పరిశోధన విత్తనాల నిద్ర గురించి. గింజ తల్లి మొక్క మీద ఉన్నంతకాలం దాన్ని మొలవనీయకుండా ఆపే హార్మోను ఒకటుంది. అది తయారవని గింజలు కోతదాకా ఆగవు, కంకి మీదే మొలకెత్తుతాయి. అలాంటి గింజల కోసం మూడేళ్లు వెతికాను. వాటి గురించి పాఠాలు చెప్పాను, బోర్డు మీద బొమ్మలు గీశాను. తీరా అవి కళ్ల ముందుకొస్తే గుర్తుపట్టలేదు.

ఆ రోజు మా పని తనిఖీ చేయడానికి పెద్దవాళ్లు వచ్చారు. గొప్పగా చూపిద్దామని ఒక కంకికి సంచీ తీశాను. గింజల మధ్య నుంచి అక్కడక్కడా పచ్చటి మొలకలు తొంగి చూస్తున్నాయి. తేమ ఎక్కువైనట్టుందే అన్నారు వచ్చినవాళ్లలో ఒకాయన. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనే ఉన్న బాబాయ్ మీద, నా విద్యార్థులందరి ముందూ, నోరు పారేసుకున్నాను. ఎప్పుడూ మీరు అనే దాన్ని ఆ రోజు నువ్వు అన్నాను. నీళ్లు పోయడం కూడా చేతకాదా అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "కంకి మీద చుక్క పడలేదమ్మా. మొన్న సంచీ మార్చినప్పుడే చూసి లెక్కపెట్టాను. నాలుగొందల పన్నెండు గింజల్లో నూట ఒకటే మొలిచాయి. తడికైతే అన్నీ మొలవాలి కదా?"

"నాకు లెక్కలు చెప్పకు."

నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రుల్లో పైకి కనబడకుండా దాగిన లోపం పిల్లల్లో నాలుగోవంతులో బయటపడుతుందని మొదటి ఏడాది విద్యార్థులకు నేనే నేర్పే లెక్క అది. వినిపించుకోలేదు. మర్నాడే ఆయన్ని గేటు దగ్గరికి మార్పించాను.

పది రోజుల తర్వాత బల్ల సర్దుతుంటే ఆ కంకి చేతికి తగిలింది. ఊరికే లెక్కపెట్టాను. నూట ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను. మూడేళ్లు నేను వెతికిన గింజలు అవే.

గేటు ఎంతో దూరం కాదు, మెట్లు దిగితే వచ్చేస్తుంది. నేను వెళ్లలేదు. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. అందుకు నాకు మనసొప్పలేదు, అంతే. ఇప్పుడు ఎన్ని కారణాలు వెతికినా అంతకుమించి ఏమీ దొరకదు. తర్వాత అచ్చయిన పరిశోధన వ్యాసంలో ఆ మొలకలను "మేము గమనించాం" అని రాశాను. దాంతో పేరొచ్చింది, పెద్ద గది వచ్చింది. పదకొండేళ్లు ఆయన రోజూ గేటు తీసి నవ్వేవాడు. నేను ఫోను చూసుకుంటూ దాటిపోయేదాన్ని.

పోయిన వారం ఆయన పదవీ విరమణ. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఈసారి చెప్పేయాలనుకునే లేచాను. ఎదురుగా కొత్త విద్యార్థులు, పై అధికారులు, ముందు వరసలో ఆయన భార్య. నిజాయితీపరుడు, ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు అని ఏవో అని, నీళ్లు నమిలి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు.

అందరూ లేచాక ఆయన భార్యను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఒక్క మాట. ఆ కంకి మీద నేను నీళ్లు పోయలేదని మా ఆవిడకి మీరు చెప్పాలి. నేను చెప్తే నమ్మదు."

ఆయన గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఇంటికి వెళ్లేముందు అదొక్కటీ తేలిపోవాలని ఆయన కోరిక, అంతే. చుట్టూ ఇంకా మనుషులున్నారు. ఈసారి అందరికీ వినబడేలా చెప్పాను.

"పోయలేదమ్మా. ఆయన లెక్కే సరైంది. తప్పు నాది. తెలిసీ ఇన్నాళ్లూ చెప్పలేదు."

ఆవిడ నా వైపు చూడకుండా ఆయనతో అంది:

"పదకొండేళ్లు మిమ్మల్నే తప్పుపట్టానండీ. అంత చదువుకున్నావిడ ఊరికే అంటుందా అనుకున్నాను."