జవాను మైసన్న విన్న నవల

ఠాణా నుంచి ఇంటికి రాగానే మైసన్న పొయ్యి రాయి మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. వేడిగా ఉంటే హన్మవ్వ ఇంటిపట్టునే ఉందని, చల్లగా ఉంటే ఎటో పోయి వచ్చిందని అర్థం. పెళ్ళాన్ని మాత్రం అడగడు. చెయ్యి దులుపుకుని కాళ్ళు కడుక్కుంటాడు. "ఇయ్యాల పొయ్యి ఏం చెప్పింది?" అని హన్మవ్వ ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. అలవాటు పోలేదు.

పుట్టింది దోమకొండలో, పోలీసు జవాను కొలువు ఎల్లారెడ్డిలో. సంతలో కొత్త మొహం కనిపిస్తే దాని వెనకాలే నడవడం, ఇద్దరు మాట్లాడుకుంటుంటే చెవి అటు వెయ్యడం, ఇవే అతని పనులు. పెళ్ళయిన నెలకే ఇక్కడికి వచ్చేశాడు. సొంతూరికి మళ్ళీ పెద్దగా పోలేదు, పెళ్ళాన్నీ తీసుకుపోలేదు.

నిజాం సర్కారు ఫస్లీ లెక్కలో పదమూడు వందల యాభై ఎండాకాలంలో గురువారాలు పొయ్యి చల్లబడడం మొదలైంది. ఎందుకో తేల్చుకోకముందే ఠాణా పెద్ద అమీన్ సాబ్ పిలిచాడు.

"మైసన్నా, ఆ బడిపంతులమ్మ లిదియా అరుగు మీద ఆడోళ్ళు జమైతున్నరట. కామారెడ్డి నుంచి బస్సుల ఏదో కితాబ్ వచ్చిందట. అందుల ఏమున్నదో చూడు. సర్కారుకు ఖిలాఫ్ ఉంటే కితాబులన్నీ జప్తు చేసి ఇంటికి తాళమేద్దాం."

లిదియమ్మ మిషన్ బడిలో చెప్పే పంతులమ్మ. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక అలమారా నిండా పుస్తకాలు. చదువు రాని ఆడవాళ్ళు చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంటే ఆమె చదివి వినిపిస్తుంది. తాళం పడితే ఎల్లారెడ్డిలో వాళ్ళకు అటువంటి చోటు ఇంకొకటి లేదు.

మైసన్నకు చదువు రాదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

మొదట చింతపండు అమ్మే సాలవ్వను పట్టుకున్నాడు. "తల్లి ముచ్చట," అన్నది సాలవ్వ. "కన్నబిడ్డ గోస కండ్ల చూసుకుంట నోరు తెరువది. తల్లా అది? దాని నోట్ల మన్ను పడ!"

కట్టెలమోపు దించుకుంటున్న మంగ్లి నవ్వింది. "తల్లి ఎక్కడిదన్నా? అది చెల్క కాడి కొట్లాట. ఆడపిల్లకు భూమిల పాలు ఎగ్గొట్టనీకె పన్నిన పన్నాగం. సాలవ్వకు సగం చెవుడు."

సీతారాం పంతులు పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని చదివినవాడు. పేరెత్తగానే మొహం ముడిచాడు. "పరువు కోసం కన్నీళ్ళు మింగిన తండ్రి కథ. రాసినాయన ఆ పెద్దమనిషిని రాక్షసుణ్ణి చేసిండు. గిసొంటివి వింటే ఇండ్లు ఆగమైతయ్."

మైసన్న ఈ మూడూ చెప్తే అమీన్ సాబ్ కళ్ళు చిట్లించాడు. "ముగ్గురు మూడు తీర్ల చెప్పిన్రంటే నాలుగోది దాస్తున్నరు. పో, నువ్వే విను."

గురువారం మైసన్న తలరుమాలు తీసి చంకలో పెట్టుకుని లిదియమ్మ ఇంటి పక్కగోడకు ఆనుకుని నిలబడ్డాడు. తొంగి చూస్తే చింతపండు కుప్ప దగ్గర ఆడవాళ్ళ మధ్యలో హన్మవ్వ. గురువారాలు పొయ్యి ఎందుకు చల్లబడుతోందో అప్పుడు తెలిసింది. తన దగ్గర దాచింది కాబట్టి ఆ పుస్తకంలో దాచాల్సిందేదో ఉందనుకున్నాడు.

లిదియమ్మ మెల్లగా చదువుతోంది. "తెల్లవారింది. వాన తగ్గలేదు. ఆమె చూరు కింద నిలబడి తమ్ముణ్ణి ముద్దుపేరు పెట్టి పిలిచింది. తమ్ముడు లోపల గడియ పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి తల వంచుకుని చద్ది తింటూనే ఉన్నాడు."

మైసన్న గోడ వదిలి నిలబడ్డాడు. తన పెళ్ళికి ముందు దోమకొండలో ఒక వానపొద్దున అచ్చం ఇలాగే జరిగింది. మొగుడి దెబ్బలకు ఓర్వలేక అక్క భూమక్క తిరిగొస్తే, తండ్రి మాట మీద గడియ వేసింది తనే. ఆ తరువాత ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు.

ఒక్క అంగలో అరుగెక్కాడు. "నా అక్క ముచ్చట నీకెవలు చెప్పిన్రు పంతులమ్మా? ఏయ్ హన్మీ, నువ్వేనా?"

చింతగింజలు తీసే చేతులు ఆగిపోయాయి. సాలవ్వ ముందుకు జరిగింది. "మీ అక్కేంది జవానన్నా? అది నేను పుట్టిన ఇల్లు, మా అవ్వగారి ఇల్లు. లిదియమ్మకు ఎవలు మోసిన్రా అని నేను గీ మంగ్లి మీద అనుమానపడుతున్న."

"నా మీదనా?" మంగ్లి లేచి నిలబడింది. "మా తండా ముచ్చట నువ్వే అమ్ముకున్నవని నేను వారం సంది నీకు కట్టెలేస్తలేను!"

లిదియమ్మ పుస్తకం చాపింది. "అన్నా, గిది అచ్చయి ఎన్నో ఏండ్లయింది. నేను నా సొంతంగ ఒక్క మాట కలుపలే."

మైసన్న నమ్మలేదు. పేజీలో ఏముందో, ఆమె ఏం చదువుతుందో ఎవరు చూడొచ్చారు? ఆ పేజీలో చింతాకు పెట్టి, పుస్తకం గుంజుకుని, గబగబా సీతారాం పంతులు ఇంటికి నడిచాడు. హన్మవ్వ వెనకాలే వచ్చింది. ఆ పుస్తకమంటే గిట్టని మనిషి లిదియమ్మ కోసం అబద్ధం చదవడు కదా.

పంతులు అద్దాలు సర్దుకుని, చేదు మందు తాగుతున్నట్టు చదివాడు. "తెల్లవారింది. వాన తగ్గలేదు. ఆమె చూరు కింద…"

"చాలు," అన్నాడు మైసన్న. "రాసినాయన దోమకొండ దిక్కు వచ్చిండా పంతులూ?"

"మద్రాసు దిక్కాయన. దోమకొండల ఆయనకేం పని?"

బయటికి వచ్చాక హన్మవ్వ దారికి అడ్డంగా నిలబడింది. "నేను చెప్పిన్నని అంతమంది ముంగట అన్నవు. నేనేం చెప్తా? నీకొక అక్క ఉన్నదని నాకు ఇయ్యాల్నే తెలిసె. ఏడున్నది?"

దాచిన సంగతి తన నోటనే బయటపడిందని మైసన్నకు అప్పుడు తెలిసింది. "బిచ్కుంద దిక్కు పత్తి ఏరుతున్నదని ఎవలో అన్నరు. బతికున్నదో లేదో."

మర్నాడు అమీన్ సాబ్ ముందు నిలబడ్డాడు. "సర్కారు ముచ్చట ఒక్కటి లేదు సాబ్. నా ఇంటి ముచ్చటున్నది. సాలవ్వది గూడ. మంగ్లిది గూడ. ఇంటి అక్కను ఎల్లగొట్టిన ముచ్చట."

అమీన్ సాబ్ రాస్తున్న కలం కింద పెట్టాడు. "ఆ అక్క ఆఖరుకు ఏమైతది?"

"పంతులమ్మ ఇంకా అంతదాక చదవలే సాబ్."

"చదివినంక వచ్చి చెప్పు. తాళం సంగతి అప్పుడు చూద్దాం."

ఈయనింట్లో కూడా ఏదో ఉందేమోనని మైసన్నకు అనుమానం వచ్చింది. అడగలేదు. పుస్తకం తిరిగిస్తూ లిదియమ్మను మాత్రం ఒకటి అడిగాడు. "పంతులమ్మా, నేను బిచ్కుంద పోయొచ్చేదాక మిగిలింది చదవకు."

"పోలీసోళ్ళు ఆపిచ్చిన్రు, సూడున్రి!" అని సాలవ్వ చేతులు తిప్పింది. "ఆ పిల్ల బతుకుతదో సస్తదో చెప్పకుంట ఆపుతరా ఎక్కడన్న?"

లిదియమ్మ పుస్తకం మూసింది.

మైసన్న తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఠాణాకు పోగానే అమీన్ సాబ్ అడిగాడు. "ఏమైంది కితాబ్?"

"తమ్ముడు పోయి తోలుకొచ్చిండు సాబ్."

"అచ్ఛా కితాబ్," అన్నాడు అమీన్ సాబ్. తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

నవల ఆఖరుకు ఏమైందో మైసన్న వినలేదు. హన్మవ్వతో పాటు అరుగు మీద కూర్చుని భూమక్క విన్నది.

ఇప్పుడు భూమక్క ఎల్లారెడ్డిలో తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. హన్మవ్వతో మాట్లాడుతుంది. మైసన్నతో ఇంకా మాట్లాడలేదు.